తొమ్మిది, తొమ్మిది

పదకొండున్నర దాటింది. కళ్ళు మూసుకుంటే ఆ స్కోరే కనిపిస్తోంది. లేచి కూర్చున్నా.

చిన్నది సాయంత్రం ఓ ఆట కనిపెట్టింది. రెండు పాచికలు వెయ్యాలి, పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యాలి. మిగిలింది సున్నా, ఒకటి, రెండు అయితే తను గెలిచినట్టు. మూడు, నాలుగు, అయిదు అయితే నేను. "నీకు మూడు, నాకు మూడు, సమానమే కదమ్మా" అంది. కాదే, ఇది తొండి అవుతుంది అన్నాను. "అయితే ఆడి చూద్దాం" అంది. 18 సార్లు వేశాం. తనకి తొమ్మిది, నాకు తొమ్మిది.

ఈయన అక్కడే ఉన్నారు. "చూశావా, ఆట బానే ఉంది. పిల్ల ఆటకి కూడా లెక్కలెందుకు?" అనేసి మళ్ళీ ఫోన్లో తల దూర్చారు. చిన్నది నా వైపు చూసి గెలిచినట్టు నవ్వింది. అప్పుడు మొదలైన మంట ఇంకా చల్లారలేదు.

ఎందుకంటే ఆట బాలేదు. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. తేడా సున్నా వచ్చేవి 6, ఒకటి వచ్చేవి 10, రెండు వచ్చేవి 8. అంటే చిన్నదాని వైపు 24. నా వైపు 6, 4, 2 కలిపి 12. మూడేసి అంకెలు పంచుకున్నంత మాత్రాన సమానం కాదు, ఏ అంకె ఎన్ని దారుల్లో వస్తుందన్నదే అసలు సంగతి. 18 ఆటల్లో తను 12 గెలవాలి, నేను 6. సరిగ్గా తొమ్మిది, తొమ్మిది పడే అవకాశం నూటికి ఆరు. ఆ ఆరే ఇవాళ ఎదురొచ్చి నా నోరు మూయించాయి. ఒక్క సాయంత్రం ఆడి ఆట మంచిదో కాదో తేల్చేసే ఆ ధీమా ఉంది చూశారూ, నాకు సరిపడనిది అదే. లెక్క వెయ్యడానికి రెండు నిమిషాలు పట్టదు. ఆ రెండు నిమిషాలు వినే ఓపిక ఎవరికీ ఉండదు.

నాకింత కోపం ఎందుకొచ్చిందో తెలుసు. అన్నయ్య. ఒక సెలవల్లో రోజూ ఆడించేవాడు. రెండు పాచికల మొత్తం చూడాలి. 5, 6, 7, 8 వస్తే వాడు, మిగతా ఏదొచ్చినా నేను. "నీకు ఏడు అంకెలిచ్చాను, నాకు నాలుగే. చిన్నదానివని వదిలేస్తున్నా" అనేవాడు. నేనది పెద్ద మనసనుకుని పొంగిపోయేదాన్ని. రోజుకి పది ఆటలు. రోజూ ఓటమే. ఓడిపోయి తలుపు వెనక కూర్చుంటే అమ్మ "ఏడు అంకెలు పెట్టుకుని కూడా ఓడిపోతే వాడేం చేస్తాడే" అంది. ఆ మాట చాలా ఏళ్ళు మోశాను, నాకే ఏదో చేతకాదని. కాలేజీలో సంభావ్యత పాఠం చెబుతుంటే నోటుపుస్తకం చివరి పేజీలో ఆ ఆట లెక్కేశాను. వాడి నాలుగు అంకెలకి 4, 5, 6, 5, మొత్తం 20. నా ఏడింటికి 16. క్లాసులోనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇప్పుడు, ఇది రాస్తూ, ఇంకో లెక్క కూడా వేశాను. ఇన్నేళ్ళలో ఎందుకు వెయ్యలేదో. పది ఆటల్లో వాడికంటే నేను ఎక్కువ గెలిచే అవకాశం నూటికి 25. సమానంగా ముగిసేది ఇంకో 23. అంటే నాలుగు రోజులకోసారైనా నేను గెలిచే ఉంటాను. ఆ రోజులు ఒక్కటీ గుర్తులేవు, తలుపు వెనక చీకటి మాత్రం గుర్తుంది. వాడికి తెలిసే చేశాడని కూడా ఇప్పుడు అనలేను. ఊరికే మధ్య అంకెలు నచ్చాయేమో.

పైగా ఆ పాచికల్లో ఒకదాని మూల విరిగి ఉండేది. నా 36 గళ్ళ పట్టిక, ప్రతి ముఖం సమానంగా పడుతుందని ముందే నమ్మేసి గీసినది. ఆ నమ్మకం నిజమో కాదో పట్టిక చెప్పదు, వేసి చూడాల్సిందే. వెల్డన్ అనే జీవశాస్త్రవేత్త 12 పాచికలని 26,306 సార్లు వేసిన లెక్కలు 1894 నాటివి ఉన్నాయి. అయిదు గానీ ఆరు గానీ మూడింట ఒక వంతు, అంటే 0.3333 రావాలి. 0.3377 వచ్చింది. అంత చిన్న తేడా బయటపడాలంటే అన్ని సార్లు వెయ్యాల్సి వచ్చింది. గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ 1900లో కై-స్క్వేర్ పరీక్ష (రావాల్సినదానికీ వచ్చినదానికీ ఉన్న తేడా అదృష్టమేనా అని తేల్చే లెక్క) గురించి రాసినప్పుడు ఈ అంకెలనే తీసుకుని, ఇది కేవలం అదృష్టం కాదని చూపించాడు. చుక్కల కోసం గుంటలు తవ్వితే ఆరు ఉన్న ముఖం తేలికవుతుందని, అందుకే అది పైకి ఎక్కువగా తేలుతుందని చెబుతారు.

కాబట్టి "ఆడి చూద్దాం" అన్నది తప్పు మాట కాదు. 18 సార్లు చాలవు, అంతే. పిల్లకి చెప్పాల్సింది ఆ ఒక్క ముక్క. నేను తొండి అన్నాను. అన్నయ్య మీదున్న కోపం దాని మీద చూపించాను.

పడుకునే ముందు చిన్నదే వచ్చింది, పట్టిక గీసుకుని. 24, 12 అని తనే లెక్కపెట్టింది. "చిన్న తేడాలకి ఒక పాయింటు, పెద్ద తేడాలకి రెండు పెడితే సరిపోతుందా అమ్మా?" సరిపోతుంది, 24 ఒకట్లూ 12 రెళ్ళూ ఒకటే. బుగ్గ మీద ముద్దు పెట్టాను.

అన్నయ్యకి మెసేజ్ పెట్టాను, ఆ ఆట గుర్తుందా అని. చూశాడు. ఇంకా ఏమీ రాయలేదు.