మామ్మకి టోక్యో గురించి చెప్పాను

తమ్ముడికి టోక్యోలో ఉద్యోగం వచ్చిందనగానే మామ్మ చేతిలో జపమాల ఆగిపోయింది. "జపానా? మన మీద బాంబులేసినోళ్ల దేశమేనా?" అంది.

ఆవిడ భయానికి కారణముంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేసేటప్పటికి మామ్మకి ఏడేళ్లు. ఊళ్లో జనం ఎటు దారి ఉంటే అటు వెళ్లిపోయారట. వీళ్లు మూటాముల్లె సర్దుకుని రైలెక్కి బరంపురంలో మేనమామ ఇంటికి చేరారు. తర్వాత మామ్మ పెళ్లి, కాపురం అన్నీ ఈ గంజాం జిల్లాలోనే.

అందుకే ఆ దేశం గురించి ఆవిడకి సరిగ్గా చెప్పాలనిపించి అట్లాసు తెరిచాను. హొక్కైడో, హోన్షు, షికోకు, క్యుషు పెద్ద దీవులు. చిన్నాపెద్దా కలిపి 2023లో మళ్లీ లెక్కపెడితే 14,125 తేలాయి. టోక్యో హోన్షులో ఉంది. చుట్టుపక్కల పట్టణాలు కలుపుకుంటే అక్కడి జనం మూడున్నర కోట్ల పైమాటే, అంటే ఒక్క మహానగరంలో దాదాపు మన ఒడిశా అంతమంది! పూర్వం ఆ ఊరి పేరు ఎడో. చక్రవర్తి ఉండే క్యోటోకి తూర్పున ఉంది కాబట్టి 1868లో టోక్యో, అంటే తూర్పు రాజధాని, అని పేరు పెట్టారు. దేశాన్నేమో వాళ్లు నిప్పోన్ అంటారు. సూర్యుడు పుట్టే చోటని అర్థం. రోజూ తూర్పుకి తిరిగి అరసవల్లి స్వామికి దండం పెట్టుకునే మామ్మ ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది.

భూకంపాల సంగతి కూడా దాచలేదు. 1923 సెప్టెంబరు 1న సరిగ్గా మధ్యాహ్నం వంటల వేళ భూమి కంపించింది. పొయ్యిల్లోని నిప్పు చెక్క ఇళ్లకి అంటుకుని ఊరు తగలబడింది. లక్షమందికి పైగా పోయారు, ఎక్కువమంది మంటల్లోనే. ఇప్పటికీ ఏటా అదే తేదీన, భూకంపం వస్తే ఏం చేయాలో అందరూ సాధన చేస్తారు. మా తమ్ముడు కూడా తలుపు పక్కన ఒక సంచి సిద్ధంగా పెట్టుకున్నాడు. నీళ్లు, టార్చి, బిస్కెట్లు.

2013 అక్టోబరు 12 రాత్రి పైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మామ్మ అలాంటి మూటే ఒళ్లో పెట్టుకుని తెల్లవార్లూ కూర్చుంది. మా పెంకులన్నీ లేచిపోయాయి. కరెంటు ఎన్ని రోజులకి వచ్చిందో! అందుకే సంచి మాట వినగానే నా చేతిలో ఫోన్ లాక్కుంది.

"అటుకులు కూడా పెట్టుకో నాయనా. పొయ్యి వెలిగించక్కర్లేదు, నీళ్లలో నానేసుకుని తినొచ్చు."