స్కానర్ కొనేముందు లేబుల్ ముద్రించి చూశాం

పోయిన ఏడాది జూన్‌లో కాలేజీ తెరిచిన వారానికి ప్రిన్సిపాల్ గారు పిలిచి, "మేడమ్, లైబ్రరీకి బార్‌కోడ్ రీడరూ, కార్డు గీకే మెషినూ కొనాలనుకుంటున్నాం. ఏవి తీసుకోవాలో మీరు చూసి చెప్పండి" అన్నారు. పల్నాడులో ఒక డిగ్రీ కాలేజీలో నేను కంప్యూటర్స్ చెబుతాను. పని నాది కాకపోయినా వెంటనే ఒప్పుకున్నాను. ఎందుకంటే మా లైబ్రరీలో మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టాక ఏం జరుగుతుందో రోజూ చూస్తున్నదాన్ని. నలభై నిమిషాల విరామం. కౌంటర్ ముందు పాతిక మంది పిల్లలు. లైబ్రేరియన్ మాస్టారు ఒక్కో పుస్తకం నంబరూ, రోల్ నంబరూ, తేదీ పెద్ద రిజిస్టర్‌లో చేత్తో రాసుకోవాలి. సగం మంది పుస్తకం తీసుకోకుండానే క్లాసుకి వెళ్లిపోతారు. సాయంత్రం వద్దామంటే పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలకి నాలుగున్నర బస్సు తప్పిపోతుంది. పుస్తకం కోసం వచ్చిన పిల్ల ఖాళీ చేతులతో వెళ్లడం నాకు ఎప్పుడూ బాధే.

అప్పటికే మూడు కొటేషన్లు వచ్చి ఉన్నాయి. లేజర్, సీసీడీ, టూడీ ఇమేజర్, సింగిల్ ట్రాక్, త్రీ ట్రాక్, హైకో, లోకో, యూఎస్‌బీ, ఆర్‌ఎస్-232 అంటూ మాటల వరస. పదిహేను వందల నుంచి పన్నెండు వేల దాకా ధరలు. మాస్టారు ఆ కాగితాలు నా చేతిలో పెట్టి, "చూడమ్మా, ఇందులో మన పుస్తకాల గురించి ఒక్క ముక్క లేదు" అన్నారు. ఆ మాటే నాకు దారి చూపింది. రీడర్ ఏది కొనాలన్నది ఆఖరి ప్రశ్న. అది దేన్ని చదవాలన్నది మొదటి ప్రశ్న.

ముందు కార్డుల సంగతి. నాలుగేళ్ల కిందట క్యాంటీన్ కోసం చేయించిన ప్లాస్టిక్ కార్డులు పిల్లల దగ్గర ఉన్నాయి. వాటి వెనక గోధుమ రంగు అయస్కాంత పట్టీ ఉంది. "కార్డులు ఉన్నాయి కదా, గీకే మెషిన్ కొంటే చాలు" అని యాజమాన్యం ఆలోచన. సరేనని తెలిసినవాళ్ల షాపు నుంచి ఒక స్వైప్ రీడర్ రెండు రోజులకి అడిగి తెచ్చాను. యూఎస్‌బీకి తగిలిస్తే కంప్యూటర్ దాన్ని ఇంకో కీబోర్డ్ అనుకుంటుంది. నోట్‌ప్యాడ్ తెరిచి కార్డు గీకితే సెమికోలన్, కొన్ని అంకెలు, చివర ప్రశ్నార్థకం వచ్చాయి. అది రెండో ట్రాక్. పట్టీ మీద ఇలాంటి ట్రాక్‌లు, అంటే వరసలు, మూడు ఉండొచ్చు. మొదటిది అంగుళానికి 210 బిట్ల సాంద్రతతో అక్షరాలూ అంకెలూ కలిపి 79 దాకా పట్టిస్తుంది, పర్సెంట్ గుర్తుతో మొదలవుతుంది. రెండోది అంగుళానికి 75 బిట్లే, అంకెలే, 40 దాకా. మూడోది మళ్లీ 210 బిట్లు, 107 అంకెలు. మా కార్డుల్లో రెండోది తప్ప మిగతావి ఖాళీ. అంటే కొటేషన్‌లో రాసిన త్రీ ట్రాక్ రీడర్‌కి పెట్టే అదనపు డబ్బు మాకు దండగ. ముందూ వెనకా వచ్చే ఆ గుర్తుల్ని తీసేయమని రీడర్ సెట్టింగ్స్‌లో చెప్పుకోవచ్చు. చెప్పకపోతే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఆ నంబర్‌ని గుర్తుపట్టదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. సెకండియర్ పిల్లల నుంచి నలభై కార్డులు తీసుకుని ఒక్కోటీ మూడుసార్లు గీకి చూశాను. పదకొండు కార్డులు ఒక్కసారి కూడా పలకలేదు. లేత గోధుమ రంగు పట్టీ సాధారణంగా లోకో రకం, అంటే దాని మీద రాసింది 300 ఓర్‌స్టెడ్ల అయస్కాంత శక్తితోనే చెరిగిపోతుంది. నల్లగా ఉండే హైకో పట్టీకి 2750 దాకా కావాలి. పిల్లలు కార్డుని ఫోన్ కవర్‌లో పెట్టుకుంటారు, ఆ కవర్ మూతకి అయస్కాంతం ఉంటుంది. అంతే, చెరిగిపోయింది. చెరిగిన కార్డుని చూస్తే ఏమీ తెలియదు కూడా. కొత్త కార్డు చేయాలంటే పట్టీ మీద రాసే ఎన్‌కోడర్ కావాలి, మళ్లీ వెండర్ దగ్గరికే వెళ్లాలి. అదే బార్‌కోడ్ అయితే ఆఫీసు ప్రింటర్‌లో కాగితం మీద తీసి లామినేషన్ చేసినా పనైపోతుంది. పట్టీ వద్దని ఆ రోజే రాసిచ్చాను. బ్యాంకు కార్డులే పట్టీని నమ్ముకోవడం మానేశాయి. 2018 డిసెంబర్ 31 లోపు పట్టీ మాత్రమే ఉన్న కార్డుల్ని చిప్ కార్డులుగా మార్చాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది.

మీరు కూడా ఇలా ఇంట్లోనో ఆఫీసులోనో రీడర్ పరీక్షిస్తుంటే దయచేసి బ్యాంకు కార్డు గీకి చూడకండి. పట్టీ మీద కార్డు నంబర్ ఏ తాళమూ లేకుండా మామూలు అంకెల్లో ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో అలాగే పడుతుంది. మా ల్యాబ్ కుర్రాడు సరదాగా తన కార్డు తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

ఇక పుస్తకాలు. దాదాపు పదిహేడు వేలు. పుస్తకం వెనక అట్ట మీద 978తో మొదలయ్యే బార్‌కోడ్ ఉంటుంది కదా, అది వాడొచ్చు కదా అని చాలామంది అడిగారు. అది ఆ పుస్తకం ఐఎస్‌బీఎన్, అంటే అచ్చువేసిన పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ నంబర్. ఒకే ఎకనామిక్స్ పుస్తకం మా దగ్గర ఇరవై కాపీలుంటే ఇరవైకీ అదే నంబర్. ఏ కాపీ ఏ పిల్ల దగ్గరుందో ఎలా తెలుస్తుంది? పైగా మా బీరువాల్లో సగం పుస్తకాలకి ఐఎస్‌బీఎన్ లేనే లేదు. కాబట్టి కాపీకో సొంత లేబుల్ అతికించాల్సిందే.

మాస్టారి రిజిస్టర్‌లో ప్రతి పుస్తకానికీ నంబర్ ఉంది. కళాశాల లైబ్రరీ అనే అర్థంలో ముందు ఇంగ్లీష్ అక్షరాలు కె.ఎల్., ఆ తర్వాత ఆరంకెలు. లేబుళ్లు వేసే ఆయనకి అదే ఇచ్చి, 38 మిల్లీమీటర్ల వెడల్పు, 25 ఎత్తు ఉన్న లేబుళ్ల మీద నమూనాలు వేయించాం. చూడ్డానికి చక్కగా ఉన్నాయి. షాపు నుంచి తెచ్చిన లేజర్ స్కానర్ వాటిలో మూడింట ఒకటి కూడా చదవలేదు. "స్కానర్ చవకది మేడమ్, ఎనిమిది వేలది తీసుకోండి" అన్నాడాయన. నాకు నమ్మకం కలగలేదు. అదే స్కానర్ బిస్కెట్ ప్యాకెట్‌ని చిటికెలో చదువుతోంది.

రాత్రి ఇంటికెళ్లి లెక్క వేశాను. ఆయన వాడింది కోడ్ 39 అనే బార్‌కోడ్ రకం. మా నంబర్‌లో ఎనిమిది గుర్తులు, రెండు చివర్లా తప్పనిసరిగా ఉండే రెండు నక్షత్రం (*) గుర్తులతో కలిపి పది. మందపు గీత సన్నగీతకి మూడు రెట్లుంటే ఒక్కో గుర్తు పదహారు సన్నగీతల వెడల్పు ఆక్రమిస్తుంది, అంటే మొత్తం 160. ఆయన ప్రింటర్ మిల్లీమీటరుకి ఎనిమిది చుక్కలు వేస్తుంది. సన్నగీత నమ్మకంగా రావాలంటే కనీసం రెండు చుక్కలు, పావు మిల్లీమీటరు ఉండాలి. 160 పావులు 40 మిల్లీమీటర్లు. రెండు పక్కలా గీతలేమీ లేని తెల్ల జాగా సన్నగీతకి పది రెట్ల చొప్పున వదలాలి, అది ఇంకో ఐదు. 45 మిల్లీమీటర్ల బార్‌కోడ్ 38 మిల్లీమీటర్ల లేబుల్ మీద పట్టదు. పట్టక, ఆయన సాఫ్ట్‌వేర్ సన్నగీతని ఒక్క చుక్కకి కుదించేసింది. గీతలు ఒకదాన్నొకటి అంటుకున్నాయి. తప్పు స్కానర్‌ది కాదు.

ఇంతలో ఇంకో సంగతి బయటపడింది. చదివిన ఆ కొన్ని లేబుళ్ల నంబర్లు కూడా ఒక కంప్యూటర్‌లో తప్పుగా వచ్చాయి. తెరమీద "ఖథ017234" అని ఉంది. పుస్తకాల పేర్లు ఎక్కించే అమ్మాయి తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ పెట్టుకుని ఉంది. స్కానర్ అక్షరాన్ని పంపదు, ఏ మీట నొక్కాలో పంపుతుంది. షిఫ్ట్‌తో కలిపి ఆ రెండు మీటలూ నొక్కితే తెలుగులో ఖ, థ పడతాయి. మా లైబ్రరీలో మూడో వంతు తెలుగు పుస్తకాలే, తెలుగు కీబోర్డ్ తీసేయమని ఆ అమ్మాయికి చెప్పలేను, చెప్పకూడదు కూడా.

అప్పుడు మాస్టారి దగ్గరికెళ్లి, "మాస్టారూ, ఆ రెండక్షరాలూ తీసేద్దామా?" అని అడిగాను. ముప్పై ఏళ్లుగా ఆయన రబ్బరు స్టాంపు మీద ఉన్న అక్షరాలవి. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "స్టాంపు అలాగే ఉంటుంది కదమ్మా, లేబుల్ మీద లేకపోతే ఏం?" అన్నారు.

అంకెలు మాత్రమే మిగిలితే కోడ్ 128 అనే ఇంకో బార్‌కోడ్ రకం వాడితే ఎంతో లాభం. అందులో రెండంకెల్ని జతగా ఒక్క గుర్తులో కూర్చవచ్చు. ఆరంకెలకి మూడు గుర్తులు, మొదలు, తనిఖీ గుర్తు, ముగింపు, అన్నీ కలిపి 68 సన్నగీతలే. అంటే సన్నగీతని మూడు చుక్కలకి పెంచినా గీతలు ఇరవై ఐదున్నర మిల్లీమీటర్లు, పక్క జాగాలతో కలిపి 33. లేబుల్ మీద హాయిగా కూర్చుంది. ముందున్న సున్నా తీసి ఒకటి పెట్టాం, 17234 నంబర్ పుస్తకం 117234 అయింది. సున్నాతో మొదలైతే ఎక్సెల్ దాన్ని మింగేస్తుంది. పిల్లల కార్డు నంబర్లు రెండుతో మొదలుపెట్టాం, చూడగానే ఏది పుస్తకమో ఏది మనిషో తెలిసేలా. కొత్త లేబుళ్లు తెచ్చి అదే చవక స్కానర్ పెడితే వందకి వందా పలికాయి. ఆ కీచుమనే శబ్దం వంద సార్లు విని మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

లేబుల్ కాగితం విషయంలో మాత్రం పైసా తగ్గించొద్దని పట్టుబట్టాను. వేడికి నల్లబడే డైరెక్ట్ థర్మల్ కాగితం చవక, సిరా రిబ్బన్ అక్కర్లేదు. కానీ ఆర్టీసీ బస్సు టికెట్ చొక్కా జేబులో వారం ఉంటే ఏమవుతుందో మనకి తెలుసు. మాది రెంటచింతల పక్క ప్రాంతం, మే నెలలో మా స్టాక్ రూమ్‌లో నిలబడలేం. అందుకే రిబ్బన్‌తో వేసే థర్మల్ ట్రాన్స్‌ఫర్ రకమే తీసుకున్నాం. కాలేజీ రంగు ఎరుపు కాబట్టి గీతలు ఎర్రగా వేద్దామని ఒక సలహా వచ్చింది. స్కానర్ వెలుగు కూడా ఎరుపే, ఎర్ర గీత దానికి తెల్ల కాగితంలాగే కనిపిస్తుంది. వద్దన్నాను. లేబుల్‌ని పుస్తకం వెన్ను మీద కాకుండా లోపలి మొదటి పేజీ మీద అతికిస్తున్నాం, వంపు మీద గీతలు సరిగా చదవబడవు.

ఇవన్నీ తేలాక స్కానర్ ఎంచుకోవడం అరగంట పని అయింది. లేజర్ మా లేబుళ్లకి చాలు. కానీ పిల్లలు కార్డు మర్చిపోయి ఫోన్‌లో ఫొటో చూపిస్తారు. లేజర్ కాగితం మీద పడి తిరిగొచ్చే వెలుగుని చదువుతుంది, ఫోన్ తెర దానికి సాధారణంగా లొంగదు. ఇమేజర్ ఫొటో తీసి చదువుతుంది కాబట్టి తెర మీదిదీ చదువుతుంది, క్యూఆర్ కూడా చదువుతుంది. కౌంటర్ కోసం స్టాండ్‌తో ఒక టూడీ ఇమేజర్ తీసుకున్నాం, ఐదు వేల పైచిలుకు అయింది. స్నేహితురాలి కార్డు ఫొటో చూపించి పుస్తకం తీసుకునే వీలుంది కదా అని మాస్టారు అడిగారు. మేం వాడేది కోహా, న్యూజిలాండ్‌లో పుట్టిన ఉచిత లైబ్రరీ సాఫ్ట్‌వేర్. అందులో పిల్లల ఫొటోలు ఎక్కించాం. కార్డు పలకగానే మొహం తెర మీద కనిపిస్తుంది, మాస్టారు తలెత్తి చూస్తారు, అంతే.

స్టాక్ తనిఖీకి ఇంకోటి, వైర్‌లెస్‌ది, లోపల మెమరీ ఉన్నది. మా ఇనప బీరువాల మధ్యకి వెళ్తే సిగ్నల్ తెగిపోతుంది. మెమరీ ఉంటే అక్కడే చదివి దాచుకుని, కంప్యూటర్ దగ్గరికొచ్చాక అన్నీ ఒకేసారి దించేస్తుంది. కొటేషన్‌లో ఆర్‌ఎస్-232 అని ఉన్న సీరియల్ పోర్టు స్కానర్ల జోలికి వెళ్లలేదు, మా కంప్యూటర్లకి ఆ పోర్టే లేదు.

ఒక చిన్న విషయం, చాలామందిని ఏడిపించేది. స్కానర్‌తో వచ్చే మాన్యువల్‌ని పారేయకండి. దాని సెట్టింగ్స్ చాలావరకు అందులో ఉండే బార్‌కోడ్‌లు చదివించే మార్చాలి. ఆగస్టులో ఒకరోజు నంబర్ పడుతోంది కానీ ఎంటర్ పడటం లేదు, క్యూ ఆగిపోయింది, మాస్టారు టెన్షన్ పడిపోయి ఫోన్ చేశారు. ఎవరో ఆ పుస్తకం తిరగేస్తూ ఫ్యాక్టరీ సెట్టింగ్ కోడ్ చదివించేశారు. ఎంటర్ కలిపే కోడ్ ఉన్న పేజీ ఒక్కటే జెరాక్స్ తీసి ఇప్పుడు కౌంటర్ సొరుగులో అతికించాం. అసలు మాన్యువల్ నా బీరువాలో ఉంది.

ఇప్పటికి తొమ్మిది వేల చిల్లర పుస్తకాలకి లేబుళ్లు పడ్డాయి. ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు శనివారాలు వచ్చి అతికిస్తున్నారు. కిందటి వారం మే నెల దాటిన మొదటి బ్యాచ్ లేబుళ్లలోంచి ఏభై తీసి చదివించి చూశాను. ఏభై పలికాయి. వచ్చే శనివారం నుంచి తెలుగు సాహిత్యం బీరువాలు మొదలు.