నీలాంగరై ఇసుకలో 112 గుడ్లు

చెన్నై సెంట్రల్‌లో దిగి నీలాంగరై బీచ్ అనగానే ఆటో అతను ఏడొందలు అడిగాడు, బేరమాడితే ఆరొందలకి దిగాడు. కావలి నుంచి రైలు టికెట్‌కి అందులో సగం కూడా కాలేదు. ఆ మంట బీచ్ చేరేదాకా తగ్గలేదు.

వచ్చింది మా అక్క కొడుకు పిలిచాడని. డిగ్రీ రెండో ఏడాది చదువుతూ ఈ సీజన్‌లో తాబేళ్ల వలంటీరుగా చేరాడు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రంతా తాబేలు గుడ్లు వెతుకుతూ ఇక్కడి నుంచి బీసెంట్ నగర్‌కి నడక, ఏడు కిలోమీటర్లు. 1988 నుంచీ చెన్నైలో విద్యార్థులు చేస్తున్న పని ఇది.

కొత్తవాళ్లందరినీ ఇసుకలో కూర్చోబెట్టి ఒక అమ్మాయి గంటసేపు చెప్పింది. టార్చి వేయొద్దు, తాబేలు కనిపిస్తే ముందుకెళ్లి నిలబడొద్దు అంది. పుట్టిన పిల్లలు ఎటు వెలుతురుంటే అటు పాకుతాయట, వెనక వీధి దీపాలు వెలిగిపోతుంటే సముద్రం వదిలేసి రోడ్డెక్కుతాయట. గుడ్లు తీసి హ్యాచరీకి, అంటే అవి పొదిగేదాకా కాపాడే చోటికి, మార్చేది అందుకే.

పాలవాక్కం దాటాక మొదట కనిపించింది చచ్చిన తాబేలు. "వల్లో ఇరుక్కుంటే పైకొచ్చి గాలి పీల్చుకోలేదు మామయ్యా, మునిగి చచ్చిపోతుంది" అన్నాడు వాడు. 2025 జనవరిలో ఈ తీరానికి ఇలాంటివి వందల కొద్దీ కొట్టుకొచ్చాయి. సముద్రంలో బతికేది నీళ్లలో మునిగి చావడమేమిటని చాలాసేపు మాట రాలేదు నాకు.

రెండు గంటలప్పుడు జాడ దొరికింది, ట్రాక్టర్ టైరు గుర్తులా. వాడు కర్రతో మెల్లగా గుచ్చి చూశాడు, ఒకచోట ఇసుక మెత్తగా దిగింది. బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి పెట్టి ఒక్కో గుడ్డూ తీశాడు, పింగ్‌పాంగ్ బంతంత. ఎలా ఉన్నది అలాగే తియ్యాలట, తిప్పితే లోపలి పిల్ల బతక్కపోవచ్చు. చిన్నప్పుడు తుమ్మలపెంటలో మేం ఈ గుడ్లనే విసురుకుని ఆడుకున్నాం. మాకు అప్పుడెవరూ చెప్పలేదు. ఆ మాట వాడితో అంటే, "మీ ఊరి బడికి వచ్చి చెప్తాం మామయ్యా" అన్నాడు.

112 లెక్క తేలాయి. నాలుగింటికి హ్యాచరీలో అంతే లోతు గొయ్యి తీసి పాతిపెట్టి, పక్కన పుల్లకి తేదీ రాసి కట్టారు. పొదగడానికి 45 నుంచి 60 రోజులు. ఎండ ముదిరితే ఆడపిల్లలే ఎక్కువ పుడతాయట, అందుకే పైన నీడ వేస్తున్నారు.

ఏప్రిల్ మొదటి వారానికి రెండు టికెట్లు తీశాను, రెండోది మా ఊరి బడి హెడ్మాస్టరు గారికి.