అన్న ఫ్లాటు తాళంచెవి

ఆదివారం, రాత్రి 10.

పొద్దున్నే పాల ప్యాకెట్ దగ్గర ఓనరు గారు చెప్పేశారు. రెండు నెలల్లో ఖాళీ చెయ్యాలి. తిరుపతి కదా, మా పోర్షన్ కొండకొచ్చే యాత్రికులకి రోజువారీ అద్దెకిస్తారట. నాలుగు శని, ఆదివారాలు నిండితే మా నెల అద్దె దాటిపోతుందట. లెక్క సరిగ్గానే ఉంది, ఏమని గొడవపడతాం?

ఇడ్లీ తిని ఇద్దరం బండి మీద బయల్దేరాం. కొర్లగుంటలో నీళ్ల కష్టం. బైరాగిపట్టెడలో ఇల్లు బావుంది, అడ్వాన్స్ మా వల్ల కాదు. ఎయిర్ బైపాస్ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో 20 ఫ్లాట్లు. వాచ్‌మన్ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "మనుషులుండేది తొమ్మిదింట్లోనేమ్మా. మిగతావాళ్లు బెంగళూరు, అమెరికా. ఏడాదికోసారి దర్శనానికొస్తారు, పోతారు." అద్దెకివ్వరా అంటే నవ్వాడు. "గోడలకి మేకులు కొడతారంట!"

ఆడిటర్ దగ్గర రిటర్నులు రాసే నాకు ఇది వింతేం కాదు. ఒకప్పుడు రెండో ఇల్లు ఖాళీగా ఉన్నా అద్దె వచ్చినట్టే లెక్కకట్టి పన్ను వేసేవాళ్లు. 2019 బడ్జెట్ తర్వాత రెండిళ్ల దాకా ఆ బాధ లేదు. 60 లక్షల ఫ్లాటుకి నెలకి 13 వేలొస్తే ఏడాదికి రెండున్నర శాతం చిల్లర, బ్యాంకు డిపాజిట్టే నయం. ధర పెరిగితే చాలనుకునేవాళ్లకి అద్దెకుండేవాళ్లు ఒక టెన్షన్. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలోని పట్టణాల్లో కోటికి పైగా ఇళ్లు ఖాళీగా తేలాయి. అందులో కొన్నైనా మా ఆఫీసు ఫైళ్లలోవే అయ్యుంటాయి.

సాయంత్రం మా అన్న ఫ్లాటుకి వెళ్లాం. అన్న ఉండేది చెన్నైలో, తాళంచెవి నా దగ్గర. నెలకోసారి ఊడ్చి, దీపం పెట్టి రావడం నా డ్యూటీ. పోయినేడు నవ్వుతూ నవ్వుతూనే అడిగాను, మేమే ఉంటాం, అద్దె తీసుకో అని. "రిజిస్ట్రేషన్‌కే 7.5 శాతం పోసినానే. రేపు మంచి రేటొస్తే అమ్మాల. అప్పుడు నిన్ను లేచిపొమ్మని నేనెట్లా చెప్పేది?" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. అదే కష్టం.

ఈయన దారి పొడవునా ఆ మాటే ఎత్తలేదు. బెడ్‌రూంలో నిలబడి మాత్రం, "మన మంచం ఇక్కడ సరిపోతుంది" అన్నారు. నేను విననట్టు చీపురు తీసుకున్నాను.

వంటింటి కుళాయి తిప్పితే తుప్పు నీళ్లు. తేటపడేదాకా వదిలి, కట్టేసి, తాళం వేసి వచ్చేశాం. రేపు ఏడింటికి మంగళంలో ఒకటి చూడాలి. మూడో అంతస్తు, లిఫ్టు లేదు.