మ్యాక్‌లోనూ కంట్రోల్-సీ: నా సర్దుబాటు

నా పని మ్యాక్, విండోస్, ఉబుంటు మూడింటి మీదా నడుస్తుంది. కీబోర్డు మాత్రం ఒకటే, మామూలు పీసీది. కీ మీద ఏ పేరుందో వదిలేసి, వేలు ఎక్కడ పడుతుందో అదే లెక్క అనుకున్నాను. కాపీ, పేస్ట్ లాంటి షార్ట్‌కట్లకు విండోస్, లినక్స్ (ఉబుంటు) ఎలాగూ కంట్రోల్ కీనే వాడతాయి, మ్యాక్ మాత్రం కమాండ్ కీ వాడుతుంది (పీసీ కీబోర్డులో విండోస్ కీయే కమాండ్). కాబట్టి మార్చాల్సింది మ్యాక్ ఒక్కటే.

సులువైన దారి సిస్టమ్ సెట్టింగ్స్‌లోనే ఉంది. కీబోర్డ్, కీబోర్డ్ షార్ట్‌కట్స్, మాడిఫయర్ కీస్‌లోకి వెళ్లి, పైన మన కీబోర్డును ఎంచుకుని (ప్రతి కీబోర్డుకూ విడిగా పెట్టాలి) కంట్రోల్, కమాండ్‌లను తారుమారు చేయడమే. కాపీ, పేస్ట్, సేవ్ వెంటనే దారికొస్తాయి. తెలుగు టైపు చేసేవాళ్లకు అదనపు లాభం: మ్యాక్‌లో భాష మార్చే కంట్రోల్-స్పేస్ ఇప్పుడు విండోస్ కీ-స్పేస్ అవుతుంది. విండోస్‌లోనూ, ఉబుంటు డెస్క్‌టాప్ అయిన గ్నోమ్‌లోనూ భాష మార్చేది అదేగా!

చిక్కంతా ఆదేశాలు టైపు చేసి పనిచేయించే టెర్మినల్‌తోనే. నడుస్తున్న ప్రోగ్రాంను ఆపుదామని కంట్రోల్-సీ కొడితే అది కమాండ్-సీగా, అంటే కాపీగా వెళ్తుంది. ప్రోగ్రాం దాని మానాన అది నడుస్తూనే ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఒక్క యాప్‌ను మినహాయించే వీలు లేదు. అందుకే ఆ మార్పు తీసేసి కీలను మార్చే కరాబినర్-ఎలిమెంట్స్ అనే యాప్ పెట్టుకున్నాను. ఇందులోనూ సింపుల్ మాడిఫికేషన్స్ పనికిరావు, షరతులు కాంప్లెక్స్ మాడిఫికేషన్స్ రూలులోనే పెట్టగలం. ‘ఫ్రంట్‌మోస్ట్ అప్లికేషన్ అన్‌లెస్’ (ముందున్న యాప్ ఇది కానప్పుడే) షరతులో ‘కామ్.యాపిల్.టెర్మినల్’ ఇవ్వాలి. వేరే టెర్మినల్ వాడితే దాని బండిల్ ఐడీ (యాప్‌ను గుర్తించే పేరు) కరాబినర్ ఈవెంట్‌వ్యూయర్‌లో కనిపిస్తుంది. రూలులో ఏ కీని మార్చాలో చెప్పే ‘ఫ్రమ్’ భాగంలో ‘ఆప్షనల్: ఎనీ’ తప్పనిసరి. అది లేకపోతే షిఫ్ట్ ముందు నొక్కినప్పుడు రూలు తగలదు, కంట్రోల్-షిఫ్ట్-టీ ఓసారి పనిచేసి ఓసారి మొండికేస్తుంది. కుడి కంట్రోల్‌కు వేరే రూలు రాయాలి. టెర్మినల్‌లో ఉన్నప్పుడు మాత్రం విండోస్ కీ-స్పేస్‌కు మ్యాక్‌లో వెతికే పెట్టె స్పాట్‌లైట్ తెరుచుకుంటుంది, దాంతో సర్దుకుపోతున్నాను.

హోమ్, ఎండ్ సంగతి వేరు. మ్యాక్‌లో అవి లైను చివర్లకు కాక డాక్యుమెంటు చివర్లకు పోతాయి. హోమ్ ఫోల్డర్‌లోని లైబ్రరీలో ‘కీబైండింగ్స్’ ఫోల్డరు చేసి, అందులో ‘డీఫాల్ట్‌కీబైండింగ్.డిక్ట్’ ఫైలు పెట్టి ఈ రెండు కీలనూ లైను మొదటికీ చివరికీ కలపాలి. షిఫ్ట్‌తో సెలెక్ట్ చేయడానికి మరో రెండు లైన్లు. యాప్ మూసి తెరిస్తేనే అమలవుతుంది, అదీ టెక్స్ట్‌ఎడిట్ లాంటి యాపిల్ టెక్స్ట్ వ్యవస్థ వాడే యాప్‌లలోనే.

మిగిలిన ప్రమాదం కంట్రోల్-క్యూ. ట్యాబ్ మూసే డబ్ల్యూ పక్కనే ఉంటుంది, వేలు జారితే బ్రౌజర్ మొత్తం మూతపడుతుంది. క్రోమ్ మెనూలో ‘వార్న్ బిఫోర్ క్విటింగ్’కు టిక్ పెట్టి ఉంచండి.