ఆరని జీన్స్

ఫోన్‌లో చూస్తే సింగపూర్‌లో పగలు 31 డిగ్రీలు, రాత్రి 25. మే నెలలో 44 చూసినవాడికి ఇదో లెక్కా అనుకున్నాను. పక్కనే తేమ 90 శాతం అని కూడా ఉంది. ఆ అంకె కంట్లో పడింది గానీ బుర్రకెక్కలేదు. రెండు జీన్సులు, నాలుగు మందపాటి కాటన్ టీషర్టులు కుక్కి, జిప్పు పట్టకపోతే పెట్టె మీద కూర్చుని మరీ మూశాను.

మొదటిరోజు బొటానిక్ గార్డెన్స్. 1859 నాటి తోట, 2015లో యునెస్కో జాబితాకెక్కింది. అంతకుమించి రాయాలంటే నేను దాన్ని సరిగ్గా చూసుండాలి కదా! ఎంఆర్‌టీ అనే అక్కడి మెట్రో రైలు ఏసీలో చల్లబడ్డ కెమెరాని బయటికి తీయగానే లెన్సంతా ఆవిరి కమ్మేసింది. చొక్కా అంచుతో తుడిచాను. ఆ చొక్కా అప్పటికే తడి. సంచిలోంచి తీయకుండా కాసేపు ఉంచితే సరిపోయేదని తర్వాత తెలిసింది.

పొడి ఎండలో చెమట పట్టినట్టే తెలీదు. పట్టింది పట్టినట్టు ఆవిరైపోతుంది, ఒళ్లు కాస్త చల్లబడుతుంది. ఇక్కడి గాలి అప్పటికే నీళ్లు తాగి ఉబ్బి ఉంది, నా చెమట దానికెందుకు? కారడమే తప్ప ఆరడం లేదు. దానికితోడు మధ్యాహ్నం అరగంట వాన. గొడుగు తేలేదు. తడిసిన జీన్స్ తొడల్ని ఒరుసుకుని, సాయంత్రానికి కాళ్లు ఎడంగా పెట్టి నడిచాను. రైల్లో ఏసీకి మళ్లీ వణుకు.

రాత్రి హాస్టల్లో జీన్స్ ఉతికి కిటికీ బయటి కమ్మీకి వేలాడదీశాను. మా ఇంట్లో అయితే రాత్రి వేస్తే పొద్దున్నకి అట్టముక్కలా నిలబడుతుంది. ఇక్కడ తెల్లారి చూస్తే పాదాల దగ్గర ఇంకా చుక్కలు. రెండోరోజు మెరీనా బే, మూడోరోజు సెంటోసా చూశాను. ఇప్పుడు కళ్లు మూసుకుంటే మాత్రం కమ్మీకి వేలాడే ఆ జీన్సే కనిపిస్తుంది. పైగా దానికి ముక్కిన వాసన మొదలైంది.

నా కింది మంచం మీద మలేషియాలోని పెనాంగ్ నుంచి వచ్చిన తమిళ పెద్దాయన. ఆయన సామానంతా కలిపి బడిపిల్లాడి సంచంత. పల్చటి చొక్కాలు మూడు, ఒక లుంగీ, మడత గొడుగు, పౌడర్ డబ్బా. మూడు రోజులు నా తంటాలు ఓపిగ్గా చూశాడు.

“తంబీ, బయట కాదు, లోపల” అన్నాడు చివరికి, సగం తమిళంలో, సగం ఇంగ్లీషులో.

గదిలో ఎలా ఆరుతుందన్నాను. ఆయన మాట్లాడకుండా కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఏసీ పైపు చూపించాడు. బొట్టు బొట్టుగా నీళ్లు. అదంతా గదిలో గాలిలోంచి లాగిన తేమేనట. నాకు ఆ పైపు మూడు రోజులుగా చిరాకు మాత్రమే.

పొడి తువ్వాలు నేల మీద పరిచి, జీన్స్ దాంట్లో చాపచుట్టలా చుట్టాడు. ఎక్కి తొక్కమన్నాడు. అటు నేను, ఇటు ఆయన, అర్ధరాత్రి గానుగ ఆడినట్టు తొక్కాం. ఎదురు పై మంచం మీది కుర్రాడు దుప్పటి తీసి ఒకసారి చూసి మళ్లీ కప్పుకున్నాడు. జేబులు తిరగేసి ఏసీ గాలి తగిలే చోట తగిలించాం.

పొద్దున్నే నా విమానం. కాళ్లు ఆరాయి, నడుం పట్టీ, కుట్లు చెమ్మగానే ఉన్నాయి. ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టెలో పెట్టబోతుంటే పెద్దాయన తల అడ్డంగా ఊపి, కవర్ లాక్కుని, జీన్స్ తీసి నా చేతిలో పెట్టాడు.

“తొడుక్కో తంబీ. విమానంలో గాలి పొడిగా ఉంటుంది.”

తొడుక్కున్నాను. దిగేసరికి ఆరింది.