బురదలో దిగబడని బండి

1996 నవంబరు తుపాను తరువాత కోనసీమలో కరెంటు లైన్లు నిలబెట్టడానికి వెళ్లిన వారిలో నేనూ ఒకణ్ణి. స్తంభాలు లారీలో రోడ్డు పక్క వరకే వచ్చేవి. అక్కడి నుంచి మోకాటి లోతు వరి చేలలో ఒక్కొక్క సిమెంటు స్తంభానికీ మోకులు కట్టి, పది పన్నెండు మంది భుజాల మీద మోసుకుపోయేవారు. గట్టు జారి ఒకరి కాలు తప్పితే, మిగిలినవారంతా స్తంభాన్ని వదిలేసి పక్కకు దూకవలసిందే.

ఉద్యోగ విరమణ తరువాత కెనడాలోని క్యూబెక్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, అడవిని చీల్చుకుపోయే ఒక లైను కింద చైను బండిని చూశాను. డోజరుకు ఉన్నట్టే రెండు వైపులా చైన్లున్నాయి కాని, అవి ఉక్కు పలకలవి కావు. వెడల్పాటి రబ్బరు పట్టాల మీద అడ్డంగా ఇనుప బద్దలు బిగించినవి. వీపున ఒక క్రేను చేయి, దానికి స్తంభం గుంట తవ్వే బర్మా ఉన్నాయి. కాలు పెడితే నీరు ఊరే నాచునేల మీద అది నిదానంగా వెళ్లిపోతుంటే, నేను చూసినది దాని బలాన్ని కాదు, దాని అడుగును.

లెక్క వేసి చూస్తే ఇందులో మాయ ఏమీ లేదు. బండి బరువు పది టన్నులనీ, ఒక్కొక్క పట్టా 80 సెంటీమీటర్ల వెడల్పున మూడున్నర మీటర్ల పొడవు నేలకు ఆనుతుందనీ అనుకుందాం. పది వేల కిలోలు 56,000 చదరపు సెంటీమీటర్ల మీద పరచుకుంటే, చదరపు సెంటీమీటరుకు కిలోలో అయిదో వంతు కూడా పడదు. 75 కిలోల మనిషి రెండు కాళ్ల మీద నిలబడితే నేల మీద పడే ఒత్తిడీ దాదాపు అంతే. దమ్ము చేసే ట్రాక్టరుకు ఇనుప చక్రాలు తగిలించే మన రైతుకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కర లేదు.

ఈ బండ్ల పుట్టుక కూడా ఆ ప్రాంతానిదే. వాల్కూర్‌లో గరాజు నడిపిన జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే, 1934 చలికాలంలో మంచు దారులు మూసుకుపోయి, జబ్బుపడిన కొడుకును ఆసుపత్రికి చేర్చలేక పోగొట్టుకున్నాడు. మంచు మీద నడిచే బండి కోసం అప్పటికే తంటాలు పడుతున్న ఆయన, పట్టాను తిప్పే పళ్లచక్రం పద్ధతికి 1937లో పేటెంటు పొందాడు. 1950లలో ఆయన సంస్థ తెచ్చిన పట్టాల ట్రాక్టరుకు పెట్టిన పేరు మస్కెగ్. ఉత్తర కెనడాలోని నాచు చిత్తడి నేలలను అక్కడివారు పిలిచే మాట అది. 1998 జనవరిలో అయిదారు రోజులపాటు కురిసిన గడ్డకట్టే వానకు క్యూబెక్‌లో వందలకొద్దీ ఉక్కు టవర్లు, వేలకొద్దీ కర్ర స్తంభాలు కూలిపోయిన సంగతి తెలిసినవారికి, రోడ్డు లేని చోటికి వెళ్లే బండి అక్కడ ఎందుకు అవసరమో అర్థమవుతుంది.

అయితే నడిచినప్పుడున్న తేలికతనం పని మొదలుపెట్టాక ఉండదు. చేయి చాచి స్తంభం ఎత్తేముందు జాకీలు, అంటే బండిని ఒరగకుండా నేలకు ఆనించే ఇనుప కాళ్లు, దింపాలి. బరువంతా ఆ చిన్న పాదాల మీదికి వస్తుంది కనుక, వాటి కింద మందపాటి దుంగలు పరచకపోతే, అంత దూరం క్షేమంగా వచ్చిన బండి నిలుచున్న చోటే ఒరిగిపోగలదు. మలుపు కూడా అంతే. ఒక పట్టాను ఆపి రెండోదానితో చటుక్కున తిప్పితే నాచుపొర చాపలా చిరిగిపోతుంది, తిరుగు ప్రయాణంలో ఆ చోటే బండి కూరుకుపోతుంది. మా అల్లుడు ఫ్రెంచిలో అడిగితే ఆపరేటరు చెప్పినది ఇదే. ఇరవై అడుగుల్లో తిరగగలిగిన బండిని ఆయన అర ఎకరం చుట్టి తిప్పుకొచ్చాడు.

కోనసీమకు ఇది పనికివస్తుందా అని అప్పుడే ఆలోచించాను. చేలలో దిగితే నిస్సందేహంగా నడుస్తుంది. కాని ఆ చేలను చేరడానికి దాటవలసిన పంట బోదెల మీది కల్వర్టులు ఎడ్లబండి కోసం కట్టినవి. కొబ్బరితోటల మధ్య దారుల వెడల్పు రెండు మీటర్లు ఉంటే గొప్ప. అదే సీలేరు వైపు కొండల్లోనో, కొల్లేరు అంచునో అయితే, ఒక్క బండి ఒక గ్యాంగు నాలుగు రోజుల మోతను తప్పించగలదని నా అంచనా.